2-2 సెలవుల్లో ఒక ఏ4 కాగితం: సీఎస్ఈలో లక్ష్యాలు రాసుకోవడం, నా అనుభవం

బీటెక్ సీఎస్ఈ (కంప్యూటర్ సైన్స్) రెండో ఏడాది అయిపోయాక, అంటే 2-2 (రెండో ఏడాది రెండో సెమిస్టరు) ఎండ్ ఎగ్జామ్స్ రాసేశాక, చేతికి నాలుగైదు వారాల ఖాళీ దొరుకుతుంది. లక్ష్యాలు రాసుకోవడానికి అదే అదను. మొదటి ఏడాదిలో రాద్దామంటే మనకు ఏం వచ్చో, ఏం రాదో తెలియదు. 3-2 దాకా ఆగితే సగం దారులు అప్పటికే మూసుకుపోతాయి. నేను ఆ సెలవుల్లోనే ఒక ఏ4 కాగితం మీద రాసుకుని, తర్వాత రెండేళ్లూ దాన్నే కొట్టేస్తూ, దిద్దుకుంటూ నడిచాను. ఇప్పుడు జూనియర్లు తెచ్చే కాగితాలు చూస్తుంటాను. ఏవి నిలబడతాయో, ఏవి దసరాకే మూలపడతాయో కొంత తెలిసొచ్చింది. ఆ పద్ధతి ఇక్కడ పెడుతున్నాను. లెక్కలన్నీ జేఎన్‌టీయూ తరహా అఫిలియేటెడ్ కాలేజీని దృష్టిలో పెట్టుకుని వేసినవి. సొంతంగా పరీక్షలు పెట్టుకునే అటానమస్ కాలేజీల వాళ్లు తేదీలూ సూత్రాలూ తమకు తగ్గట్టు మార్చుకోవాలి.

చాలా కాగితాల్లో మొదటి వాక్యం "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అవ్వాలి" అనో, "మంచి ప్యాకేజీ కొట్టాలి" అనో ఉంటుంది. ఆశ మంచిదే. కానీ సోమవారం సాయంత్రం కాలేజీ బస్సు దిగాక ఏం చేయాలో ఆ వాక్యం చెప్పదు. ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్ పరీక్ష గురించి "500 లోపు ర్యాంకు" అని రాయడమూ అలాంటిదే. ఆ ఏడాది మిగతావాళ్లు ఎలా రాశారన్నదాన్ని బట్టి వచ్చేది ర్యాంకు, అది మన చేతిలో లేదు. "గత 15 ఏళ్ల పేపర్లు డిసెంబరు 31 లోపు రెండుసార్లు చేయడం" మన చేతిలో ఉంది. కాగితం మీదికి ఎక్కే ప్రతి వాక్యానికీ ఒకటే పరీక్ష పెట్టాను: ఆదివారం రాత్రి చూసుకుని అయిందో కాలేదో ఒక్క టిక్కుతో తేల్చగలనా? తేలనిది కొట్టేశాను. మొదటి రోజు రాసిన పదకొండు వాక్యాల్లో మూడే మిగిలాయి. జూనియర్ల కాగితాల్లోనూ దాదాపు ఇంతే మిగులుతాయి కాబట్టి కంగారు పడక్కర్లేదు.

ముందు ఆఖరి తేదీలు

కాగితాన్ని నిలువునా మూడు భాగాలు చేయండి. ఎడమ పక్క తేదీలు, మధ్యలో గంటలు, కుడి పక్క పనులు. అందరూ కుడి పక్క నుంచే మొదలెడతారు: పైథాన్ నేర్చుకోవాలి, లీట్‌కోడ్ (కోడింగ్ సాధన సైట్) చేయాలి, క్లౌడ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి అంటూ. ఎడమ పక్కది నింపకుండా కుడి పక్కది రాస్తే అది కోరికల చిట్టా అవుతుంది.

కంపెనీలు కాలేజీ విద్యార్థులను ఉద్యోగాలకు ఎంచుకునే క్యాంపస్ డ్రైవ్‌లు ఎక్కువగా 4-1 మొదలయ్యే జులై, ఆగస్టుల్లో ఊపందుకుంటాయి. ఇంటర్న్‌షిప్ ఇచ్చి ఉద్యోగంలోకి తీసుకునే కంపెనీలు కొన్ని 3-2లోనే వస్తాయి. అంటే 3-2 ఎండ్ ఎగ్జామ్స్ అయ్యేనాటికి రెజ్యూమే, కోడింగ్, ఆప్టిట్యూడ్ అన్నీ సిద్ధంగా ఉండాలి. 4-1లో మొదలెడదాం అనుకున్నవాళ్లకు మొదటి పది డ్రైవ్‌లే ప్రాక్టీసు అవుతాయి. ఖరీదైన ప్రాక్టీసు అది.

గేట్ పరీక్ష ఫిబ్రవరి మొదటి సగంలో, శని ఆదివారాల్లో జరుగుతుంది. దరఖాస్తులు ఆగస్టు చివరో సెప్టెంబరులోనో తెరిచి, ఆలస్య రుసుముతో అక్టోబరు దాకా తీసుకుంటారు. మూడో ఏడాది విద్యార్థులూ రాయొచ్చు. స్కోరు ఫలితాలు వచ్చినప్పటి నుంచి మూడేళ్లు చెల్లుతుంది. ఈ మూడేళ్ల సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. 4-2లో రాసి, ఉద్యోగంలో చేరి, ఏడాది చూసుకుని ఎంటెక్‌కు వెళ్లే వీలు అందులోనే ఉంది. 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ అని వేరే పేపరు కూడా వచ్చింది. సీఎస్‌తో పాటు దాన్ని రెండో పేపరుగా రాయొచ్చు.

అమెరికాలో ఎంఎస్ (మాస్టర్స్) అనుకుంటే తేదీలు ఇంకా ముందుకొస్తాయి. బీటెక్ అయిన వెంటనే ఆగస్టులో చేరాలంటే, చాలా యూనివర్సిటీల గడువు అంతకుముందు డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపే ఉంటుంది. అంటే 4-1 నడుస్తుండగానే. జీఆర్ఈ (మాస్టర్స్ ప్రవేశాలకు చూసే పరీక్ష) అడిగే చోటికి అక్టోబరు కల్లా స్కోరు ఉండాలి కాబట్టి చదవడం 3-2 సెలవుల్లో జరగాలి. ముగ్గురు ప్రొఫెసర్ల నుంచి రికమండేషన్ లెటర్లు కావాలి. వాటిని సెప్టెంబరులోనే అడగాలి, ఎందుకంటే నవంబరులో మీతో పాటు మరో ముప్ఫై మంది ఆ సార్ గది ముందు నిలబడతారు. ట్రాన్‌స్క్రిప్ట్స్ (అధికారిక మార్కుల పత్రాలు) యూనివర్సిటీ నుంచి రావాలంటే వారాలు పడుతుంది. జర్మనీకైతే వీసాకు ముందు మన చదువు పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి. 2022 నవంబరు నుంచి భారతీయ విద్యార్థులకు ఈ నిబంధన ఉంది. దానికీ రెండు మూడు నెలలు పక్కన పెట్టుకోవాలి.

పరిశోధన వైపు చూసేవాళ్లకు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ మంచి అవకాశం. వేసవి ఫెలోషిప్ కదా అని మార్చిలో వెతికితే దొరకదు, దరఖాస్తులు అంతకుముందు నవంబరు ప్రాంతంలోనే ముగుస్తాయి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కు ప్రపోజళ్లు మార్చి, ఏప్రిల్ నెలల్లో పంపాలి. కానీ తాము ఎంచుకున్న ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చిన్న చిన్న బగ్గులు సరిచేయడం సంక్రాంతి నాటికే మొదలెట్టినవాళ్ల ప్రపోజలే నిలుస్తుంది.

ఈ తేదీలన్నీ ఒకే కాగితం మీద పడ్డాక ఒక సంగతి తెలుస్తుంది. 4-1 అన్న ఆ నాలుగు నెలల్లోనే డ్రైవ్‌లు, గేట్ ఫారం, ఎంఎస్ దరఖాస్తులు, మినీ ప్రాజెక్టు రివ్యూలు అన్నీ వచ్చి పడతాయి. కాబట్టి మూడింటిలో ఏది ప్రధానమో 3-1లోనే తేల్చుకోవాలి. దానికి మధ్య వరుస పనికొస్తుంది.

గంటల లెక్క

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎక్కువ కాగితాలు చిరిగేది ఇక్కడే.

2-2 సెలవులు మొదలయ్యే జూన్ నుంచి మరుసటి ఏడాది జులై చివరి దాకా సుమారు 60 వారాలు. ఒక్కో సెమిస్టరులో రెండు మిడ్లు (సెమిస్టరు మధ్యలో వచ్చే పరీక్షలు), ల్యాబ్ ఎక్స్‌టర్నల్స్, ఎండ్ ఎగ్జామ్స్ కలిపి ఐదు వారాలు పోతాయి, రెండు సెమిస్టర్లకు పది. దసరా, సంక్రాంతికి రెండు. జ్వరాలు, పెళ్లిళ్లు, కాలేజీ ఫెస్టులకు నాలుగు. మిగిలేది 44 వారాలు. డే స్కాలర్‌కు రోజూ బస్సులో రెండు గంటలు పోగా, వారంలో ఐదు సాయంత్రాలు రెండేసి గంటల చొప్పున పది, ఆదివారం ఆరు, మొత్తం 16 గంటలు. నలభై నాలుగు పదహార్లు 704 గంటలు. హాస్టల్లో ఉండేవాళ్లు ఎక్కువ వేసుకోవచ్చు అనుకుంటారు. హాస్టల్లో గంటలు ఎలా కరుగుతాయో ఉన్నవాళ్లకే తెలుసు, అదే లెక్క ఉంచుకోండి.

ఇప్పుడు ఖర్చు. ప్లేస్‌మెంట్‌కు డేటా స్ట్రక్చర్స్ ప్రాబ్లమ్స్ 250, ఒక్కోదానికి మళ్లీ చేసుకోవడంతో కలిపి 50 నిమిషాలు వేస్తే దాదాపు 210 గంటలు. ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌లు), నెట్‌వర్క్స్, ఊప్స్ (ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్) ఒక్కోదానికి 25 చొప్పున 100. ఆప్టిట్యూడ్ 60. ఒక నిఖార్సైన ప్రాజెక్టుకు 120. మాక్ ఇంటర్వ్యూలు, ఇంగ్లిష్‌లో మాట్లాడే సాధన 60. మొత్తం 550. అంటే 704లో 150 మిగులు. ఈ లక్ష్యం నిలబడుతుంది.

గేట్‌కు పది సబ్జెక్టులు, సగటున 60 గంటలు, మొత్తం 600. పాత పేపర్లకు 150. ముప్ఫై మాక్ టెస్టులు, రాయడానికి మూడు గంటలు, తప్పులు చూసుకోవడానికి రెండు, కలిపి 150. మొత్తం 900. గేట్ ఫిబ్రవరిలో కాబట్టి జులై తర్వాత ఇంకో 25 పనికొచ్చే వారాలు, వారానికి 20 గంటలు వేసినా 500 కలుస్తాయి. చేతిలో ఉన్నవి 1,204. రెండూ చేస్తానంటే 550, 900 కలిపి 1,450. అందులో రెండింటికీ పనికొచ్చే సబ్జెక్టులు 200 గంటలు తీసేస్తే 1,250. నలభై ఆరు గంటలు తక్కువ. పైగా ఈ లెక్కలో 4-1లో డ్రైవ్‌ల కోసం ఊళ్లు తిరిగే రోజులు లేవు.

"రెండూ చూసుకుంటా అన్నా" అనే తమ్ముడికి నేను చూపించేది ఈ 46 గంటలే. బద్ధకస్తుడివని అనను. రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉన్నాయని చెబుతానంతే. అప్పుడు బేరం మొదలవుతుంది: ప్రాజెక్టు తీసేద్దామా, మాక్ టెస్టులు 15 చేద్దామా, లేక గేట్‌ను ఉద్యోగంలో చేరాక రెండో ఏడాదికి జరుపుదామా? కాగితం చేయాల్సిన పని ఆ బేరమే. నా మటుకు, 4-1 నాటికి ప్లేస్‌మెంట్ ప్రధానం అనుకున్నవాళ్లు గేట్‌ను "రాసి చూద్దాం" స్థాయిలోనే ఉంచాలి. అది తప్పేం కాదు, కాకపోతే అలా అని కాగితం మీద రాసుకోవాలి. లేకపోతే రెండు పక్కలా అపరాధ భావమే మిగులుతుంది.

గేట్ రాయాలనుకున్నవాళ్లకు ఒక చిన్న లెక్క. వంద మార్కుల్లో జనరల్ ఆప్టిట్యూడ్‌కు 15, ఇంజనీరింగ్ మ్యాథ్స్‌కు సుమారు 13. ఈ 28 మార్కుల మీద పెట్టిన సమయం ప్లేస్‌మెంట్ టెస్టులకూ కలిసొస్తుంది. కంపైలర్ డిజైన్, థియరీ ఆఫ్ కంప్యూటేషన్ మీద పెట్టింది కలిసిరాదు. తప్పు సమాధానానికి ఒక మార్కు ప్రశ్నలో మూడో వంతు, రెండు మార్కుల ప్రశ్నలో మూడింట రెండు వంతులు కోత పడేది ఒకే సమాధానం ఉండే మల్టిపుల్ ఛాయిస్‌లోనే. అంకె టైపు చేసే ప్రశ్నలకు కోత లేదు. స్క్రీన్ మీద కనిపించే క్యాలిక్యులేటర్‌నే మౌస్‌తో నొక్కాలి కాబట్టి మాక్ టెస్టుల్లో చేతి క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు.

సీజీపీఏ: ఎవరూ వేయని లెక్క

కంపెనీల కటాఫ్ సాధారణంగా శాతంలో ఉంటుంది: పదో తరగతి, ఇంటర్, బీటెక్ అన్నింటా 60. మన మెమోలో ఉండేది సీజీపీఏ, అంటే పదికి లెక్కించే సగటు గ్రేడు. జేఎన్‌టీయూ హైదరాబాద్ సూత్రం ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో హెచ్చించాలి. అంటే 60 శాతానికి 6.5 కావాలి, 6.0 చాలదు. 6.2 ఉన్నవాళ్లు "నాకు 62 ఉంది" అనుకుని డ్రైవ్ రోజు దాకా వెళ్లి, లిస్టులో పేరు లేక వెనక్కొస్తుంటారు. మీ యూనివర్సిటీ సూత్రం వేరేది కావచ్చు. మీ రెగ్యులేషన్ పుస్తకంలో చూసి కాగితం మూలన రాసుకోండి.

తర్వాతి లెక్క క్రెడిట్లది, అంటే సగటులో ఒక్కో సబ్జెక్టుకు ఉండే బరువు. బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు అనుకుందాం. 2-2 నాటికి 80 అయ్యాయి, సీజీపీఏ 6.6. డ్రైవ్‌లకు చూసేది 3-2 వరకు, అంటే 120 క్రెడిట్లకు. అప్పటికి 7.0 కావాలంటే? 7.0ని 120తో హెచ్చిస్తే 840. ఇప్పటికే ఉన్నది 6.6 ఎనభైలు, 528. తేడా 312ను మిగిలిన 40 క్రెడిట్లతో భాగిస్తే 7.8. అంటే 3-1, 3-2 రెండింటిలో సగటున 7.8 రావాలి. సాధ్యమే. అదే 7.5 అనుకుంటే 9.3 వస్తుంది. అప్పుడు ఆ లక్ష్యాన్ని గౌరవంగా కొట్టేసి, ఆ శక్తిని కోడింగ్ మీద పెట్టడం తెలివైన పని. సప్లీ (తప్పిన సబ్జెక్టు) ఉంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ముందు అది తీయాలి. డ్రైవ్ నోటీసులో "నో యాక్టివ్ బ్యాక్‌లాగ్స్" అని ఉంటే 9 సీజీపీఏ కూడా కాపాడదు.

ల్యాబుల క్రెడిట్లు చూడండి. ల్యాబు చిన్నదే, క్రెడిట్ ఒకటో ఒకటిన్నరో. కానీ కొంచెం శ్రద్ధ పెడితే అందులో 10 గ్రేడు పాయింట్లు వస్తాయి. థియరీలో 7 నుంచి 8కి పాకడం కన్నా ఇది తేలిక. ఎందుకో దీన్ని ఎవరూ పట్టించుకోరు.

ఏ పనో తేల్చుకోవడం

"సాఫ్ట్‌వేర్" అంటే ఒక ఉద్యోగం కాదు. బ్యాకెండ్ (యాప్ వెనక సర్వరు పని) వేరు, డేటా ఇంజనీరింగ్ (డేటాను సేకరించి సరిచేసే పని) వేరు, సిస్టమ్స్ (ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయి ప్రోగ్రాములు) వేరు. వీడియోలు చూసి ఏది నచ్చిందో చెప్పడం మెనూ చదివి కడుపు నిండిందనడమే. సెలవుల్లో రెండేసి వారాల చొప్పున చేసి చూడాలి. మూడూ కుదరకపోతే రెండు చాలు.

బ్యాకెండ్‌కు: కాలేజీ బస్సు సీట్ల బుకింగ్. 40 సీట్లు, లాగిన్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. పేజీ అందంగా ఉండక్కర్లేదు. అసలు పరీక్ష చివర్లో ఉంటుంది: ఒకే సీటుకు ఒకేసారి 50 రిక్వెస్టులు పంపే చిన్న స్క్రిప్టు రాసి చూడండి. "ఖాళీ ఉందా" అని ముందు చూసి ఆ తర్వాత రాసే కోడ్ అయితే ఒకే సీటు ఇద్దరు ముగ్గురికి వెళుతుంది. ఒకడు చూసిన తర్వాత, రాసేలోపు ఇంకొకడు కూడా చూసేస్తాడు కాబట్టి. బస్సు, తేదీ, సీటు నంబరు మూడింటి మీద కలిపి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (అదే కలయిక రెండోసారి రాకూడదన్న నియమం) పెడితే డేటాబేసే రెండోవాణ్ని ఆపుతుంది.

డేటాకు: ప్రభుత్వ ఓపెన్ డేటా నుంచి జిల్లాలవారీ వర్షపాతం వివరాలో, పంటల వివరాలో పదేళ్లవి దించి, ఒకే పట్టికగా కలపాలి. కలవవు. తెలంగాణలో 2016 అక్టోబరులో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 నుంచి 26. పాత వరంగల్ వేరు, కొత్త వరంగల్ వేరు. పైగా ఒక ఫైల్లో తేదీ ముందు, ఇంకో ఫైల్లో నెల ముందు ఉంటుంది. ఈ చిక్కుముడి విప్పుతుంటే విసుగొచ్చిందా, ఆసక్తి పెరిగిందా? డేటా ఇంజనీర్ ఉద్యోగంలో రోజులో సగం ఇదే.

సిస్టమ్స్‌కు: సీ భాషలో చిన్న షెల్, అంటే మనం టైపు చేసిన కమాండ్లను నడిపే ప్రోగ్రాము. ఫోర్క్, ఎగ్జెక్, వెయిట్ మూడు కాల్స్‌తో వంద లైన్లలో అయిపోతుంది. ఎల్‌ఎస్ పనిచేస్తుంది, డేట్ పనిచేస్తుంది, ఫోల్డరు మార్చే సీడీ మాత్రం పనిచేయదు. షెల్ పుట్టించిన చైల్డ్ ప్రాసెస్ ఫోల్డరు మారి, అక్కడే ముగిసిపోతుంది. పేరెంట్ ఉన్నచోటే ఉంటుంది. అందుకే సీడీని షెల్లే స్వయంగా చేసుకోవాలి. ఇది మీకు మీరే కనిపెట్టిన రాత్రి నిద్ర పట్టకపోతే మీ దారి దొరికినట్టే.

ఎంచుకున్న తర్వాత ఆ రెండు వారాల పనినే 120 గంటల ప్రాజెక్టుగా పెంచుకోవచ్చు. రెజ్యూమేలో "స్టూడెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, జావా, మైఎస్‌క్యూఎల్" అన్న లైను క్లాసులో అరవై మందికీ ఉంటుంది. "బస్సు సీట్ల బుకింగ్: ఒకే సీటుకు ఒకేసారి 50 రిక్వెస్టులు వచ్చినా ఒక్కటే నిలిచేలా చేశాను" అన్న లైను మీద ఇంటర్వ్యూయర్ పది నిమిషాలు మాట్లాడతాడు. ఆ పది నిమిషాలూ మీకు తెలిసిన విషయం మీదే నడుస్తాయి. అమీర్‌పేటలో డబ్బిచ్చి తెచ్చిన ప్రాజెక్టు మేజర్ ప్రాజెక్టు వైవాలో గట్టెక్కిస్తుందేమో గానీ, "ఈ టేబుల్‌కు ప్రైమరీ కీ ఇదే ఎందుకు?" అన్న ప్రశ్న దగ్గర చేతులెత్తేస్తుంది.

వారం నడక

"అన్నా, ఎన్ని ప్రాబ్లమ్స్ చేస్తే సరిపోతుంది?" నేను వేసుకున్న 250లో అరేలు, స్ట్రింగులు 60, హ్యాషింగ్, టూ పాయింటర్ 35, లింక్డ్ లిస్టులు, స్టాకులు, క్యూలు 35, ట్రీలు 40, గ్రాఫులు 30, డైనమిక్ ప్రోగ్రామింగ్ 35, మిగతావి 15. భాష ఒకటే: సీ ప్లస్ ప్లస్ గానీ జావా గానీ పైథాన్ గానీ. మధ్యలో మారిస్తే నెల పోతుంది.

అంకె కన్నా ముఖ్యమైనది తప్పుల నోటు. 300 చేశానన్నవాళ్లు తెల్ల కాగితం మీద బైనరీ సెర్చ్ రాయలేకపోవడానికి కారణం, సమాధానం చూసి "ఓహో" అనుకుని ముందుకెళ్లడమే. అరగంట తంటాలు పడి, రాకపోతే సూచన మాత్రం చూసి, చేశాక నోటులో రెండు లైన్లు రాయాలి. ఉదాహరణకు: "బైనరీ సెర్చ్ లూప్ ఆగలేదు. లో (వెతికే భాగం మొదలు) = మిడ్ (మధ్య) అని రాశా. రెండు ఎలిమెంట్లు మిగిలినప్పుడు మిడ్ ఎప్పుడూ లో దగ్గరే పడుతుంది, జరగదు. లో = మిడ్ + 1." వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి నోటు మూసి మళ్లీ రాయాలి. రెండోసారి కూడా అదే తప్పు పడితే దానికి ఎర్ర చుక్క. డ్రైవ్ ముందు రోజు రాత్రి చదవాల్సింది ఎర్ర చుక్కలే.

ఐఐటీల ప్రొఫెసర్లు ఆన్‌లైన్‌లో చెప్పే ఎన్‌పీటీఈఎల్ కోర్సు సెమిస్టరుకు ఒకటికి మించి వద్దు. 12 వారాల కోర్సులో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. వారం వారం గడువు ఉండటమే దాని అసలు లాభం, సర్టిఫికెట్ కాదు. కాబట్టి మనం వాయిదా వేసే సబ్జెక్టునే అందులో తీసుకోవాలి.

కాగితం వెనక: డబ్బు, పేర్లు

ఎంఎస్ అనుకునేవాళ్లు వెనక వైపు ఈ లెక్క వేయాలి. 40 లక్షల లోను, 11 శాతం వడ్డీ, పదేళ్లు: నెలకు దాదాపు 55,100 రూపాయల ఈఎంఐ. చదువుకునే కాలంలో కూడా వడ్డీ నడుస్తుంది, మొత్తం తీసుకున్నాక ఏడాదికి 4 లక్షల 40 వేలు. చదువయ్యాక ఓపీటీ (అక్కడే పనిచేయడానికి అనుమతి) 12 నెలలు, సీఎస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) కోర్సు కాబట్టి మరో 24, కలిపి మూడేళ్లు పనిచేసే వీలుంది. ఆ లోపు హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) లాటరీ తగలాలి. ఏటా 65,000 వీసాలు, అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. లాటరీ తగలకపోతే ఇండియా జీతంతో 55,100 కట్టగలమా? ఈ ప్రశ్నకు ఇంట్లో నాన్నతో కూర్చుని అంకెల్లో జవాబు రాయాలి. కన్సల్టెన్సీ వాళ్లు ఈ లెక్క వేయరు. ఇక్కడ ఎంటెక్‌కైతే గేట్ స్టైపెండ్ నెలకు 12,400, రెండేళ్లకు 2,97,600. దానికి ఎదురుగా రెండేళ్లు వదులుకునే జీతం రాసుకోవాలి. సర్వీసు కంపెనీల్లో మొదటి జీతం ఏడాదికి మూడున్నర లక్షల దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి తేడా నాలుగు లక్షల చిల్లర. ఆ తేడాకు ఎంటెక్ ఏం తెచ్చిపెడుతుందన్నది ఏ కాలేజీలో సీటు వచ్చిందన్నదాని మీద ఉంటుంది.

ఇక పేర్లు. మన దగ్గర ఇంటిపేరు ముందుంటుంది. ఎస్‌ఎస్‌సీ మెమోలో పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా, పాన్‌లో తిరగేసి ఉంటుంది. గేట్ ఫారానికి, లోనుకు, ఆఫర్ వచ్చాక వెరిఫికేషన్‌కు ఇవన్నీ కలవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోనే ఉండాలి. ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత అక్కడ బ్యాంకులో, లైసెన్సు ఆఫీసులో ప్రతిచోటా దాన్ని వివరించుకోవాల్సి వస్తుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిచేయించాలి. పాస్‌పోర్టుకు మామూలు ఫీజు 1,500. 2-2 సెలవుల్లో చేయగలిగిన పనుల్లో కచ్చితంగా పూర్తయ్యేది ఇదే, మొదటి టిక్కు దీనికే పెట్టండి.

ఆదివారం రాత్రి

ఇరవై నిమిషాలు చాలు. అయినవాటికి టిక్కు, కానివాటి పక్కన కారణం ఒక్క మాటలో: మిడ్లు, ఊరు, ఫోను. ఒకే పని మూడు వారాలు వరుసగా కాకపోతే దాన్ని నాలుగో వారానికి మోయకూడదు. సగం చేయాలి లేదా తీసేయాలి. వారానికి ఎనిమిది ప్రాబ్లమ్స్ కావట్లేదా, ఐదు పెట్టుకోండి. 44 వారాల్లో 220 అవుతాయి, నష్టం ముప్ఫయ్యే. మోస్తూ పోతే మొత్తం కాగితమే మూలపడుతుంది.

3-1 ఫలితాలు వచ్చాక, సంక్రాంతి సెలవుల్లో, కొత్త కాగితం మీద రెండో కూర్పు రాయాలి. అప్పటికి సీజీపీఏ అంకె మారి ఉంటుంది, గంటలు 704 కాక మూడు వందల చిల్లర మిగులుతాయి, చేసి చూసిన పనుల్లో ఒకటి మనసుకు పట్టి ఉంటుంది. పాత కాగితం పారేయొద్దు. ఎంఎస్ ఎస్‌వోపీ (ఎందుకు చదవాలనుకుంటున్నారో దరఖాస్తుతో పంపే వ్యాసం) రాయడానికి కూర్చున్నప్పుడు, దాని మీద కొట్టివేతలూ పక్కన రాసిన కారణాలే ముడిసరుకు.